సండేస్కూలు గదిలో మా ప్రాజెక్టు పాఠాలు

రిటైరయ్యాక కూడా పాత ఆఫీసు పిల్లలు నాకు ఫోన్ చేస్తుంటారు. ఆరోగ్యం ఎట్లా ఉంది, సార్ ఎట్లా ఉన్నారు అని అడిగాక అసలు సంగతి బయటికి వస్తుంది. "మేడం, నేను గూడ ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్ష రాద్దామనుకుంటున్న. ఏ కోచింగ్ మంచిగుంటది? హైదరాబాద్ పోవాల్నా, ఫోన్ల క్లాసులు సరిపోతయా?"

నేనేదో చెప్తాను. అది వాళ్లకు చాలలేదని వాళ్లు "సరే మేడం" అనే తీరులోనే తెలిసిపోతుంది. వాళ్లకు కావలసింది ఒక కోచింగ్ సెంటర్ పేరు. నేను చదువుకున్న చోటికి పేరు లేదు, బయట బోర్డు లేదు, ఇప్పుడు వెళ్లి చేరదామన్నా ఎవరూ చేర్చుకోరు. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసిపెడుతున్నాను. ఇక మీదట అడిగినవాళ్లకు ఇదే పంపిస్తాను.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. గోదావరి పక్కన కంపెనీ క్వార్టర్స్‌లో పెరిగాను. సివిల్ డిప్లొమా చేసి, ఒక కట్టడాల కంపెనీలో ప్లాన్లు గీసే పనిలో చేరాను. ఉద్యోగం చేస్తూనే డిగ్రీ పూర్తిచేసి, జుట్టు తెల్లబడే వేళకు ఆ కంపెనీ కరీంనగర్ ఆఫీసులో ప్లానింగ్ ఇంజినీరునయ్యాను. హుజూరాబాద్‌లో గోదాములు, మెట్‌పల్లిలో మార్కెట్ యార్డు, ఉట్నూర్ వైపు లోపలి ఊళ్లలో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లు, ఇవీ మా పనులు. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు పూర్తవ్వాలో కాగితం మీద నేను చెప్పేదాన్ని. ఎందుకు పూర్తికాలేదో ఉట్నూర్ నుంచి ఫోన్లో దాదా చెప్పేవాడు.

దాదా అంటే మా ఉట్నూర్ సైట్ మేనేజరు. మహారాష్ట్ర సరిహద్దు ఊరి మనిషి. ఇంట్లో సగం తెలుగు, సగం మరాఠీ. వాళ్ల వైపు అన్నను అట్లాగే పిలుస్తారని మొదటి రోజే చెప్పాడు, ఆ పిలుపే ఆఫీసు మొత్తానికి అలవాటైంది. నన్ను చెల్లె అనేవాడు. గొంతు ఎంత పెద్దదంటే, ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని మాట్లాడితే తప్ప కుదిరేది కాదు. వాగు పొంగిందనో, సిమెంటు లారీ దిగబడిందనో వారంలో ఒక్కసారైనా నాతో కొట్లాడేవాడు. కొట్లాట చివర "అన్నం తిన్నవా చెల్లే?" అని అడిగి పెట్టేసేవాడు.

ఈ కథలో మూడో మనిషి మా ఆఫీసులోనే పనిచేసే హుజూరాబాద్ అబ్బాయి. మంచి కాలేజీలో చదివాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు, హెడ్డాఫీసుకు వెళ్లే ప్రతి మెయిలూ అతని చేతి మీదుగానే వెళ్లేది. పెళ్లయి ఏడాది దాటింది. అప్పటికి భార్యకు నెలలు నిండుతున్నాయి.

ఒక ఎండాకాలం పొద్దున మా కరీంనగర్ ఆఫీసు పెద్దసారు మా ముగ్గురినీ తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. ఆ తలుపు పడిందంటే లోపల ఎవరికో తిట్లు పడుతున్నట్టు లెక్క. మీటింగు కోసం ఉట్నూర్ నుంచి వచ్చిన దాదా కుర్చీ అంచు మీదికి జరిగాడు.

"కొత్తగ పనులిచ్చేటోళ్లు ఇగ సర్టిఫికెట్ ఉన్నోళ్లే కావాలంటున్నరు," అన్నాడు పెద్దసారు. "మన దగ్గర ఒక్కలకు గూడ లేదాయె. వానకాలం అయిపోయేలోపల ఇక్కడ ఒక్కరన్న పాస్ గావాల్నట. లేకుంటే ప్లానింగ్ సెక్షన్ ఎత్తి హైదరాబాద్ల పెడ్తమంటున్నరు హెడ్డాఫీసోళ్లు."

"ఎత్తి పెట్టుడంటే ఏంది సార్?" అన్నాను.

"మీరు హైదరాబాద్ పోవాలె మేడం. ఈ బాబును ఏ రాష్ట్రం పంపుతరో తెల్వది. ఉట్నూర్ పనులు గూడ గక్కడ్నుంచే చూస్కుంటరు."

దాదా కుర్చీలోంచి లేచాడు. "హైదరాబాద్ల కూసున్నోళ్లకు మా వాగు ఎట్ల తెలుస్తది సార్? గీమెకైతే నేను తిట్టి చెప్పుకోవచ్చు. వాళ్లను తిట్టనిస్తరా?" అన్నాడు. పెద్దసారు నవ్వలేదు. నా భర్త ఉద్యోగం కరీంనగర్‌లోనే. బాపు పోయాక అవ్వ, అంటే మా అమ్మ, మా దగ్గరే ఉంటోంది. హుజూరాబాద్ అబ్బాయి భార్యకు పురుడు దగ్గరలోనే ఉంది. గది బయటికి వచ్చాక ముగ్గురం రాయాల్సిందేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది.

ఆ పరీక్షకు ఒక నియమం ఉంది. ఇంట్లో ఒక్కరే పుస్తకం చదివి వెళ్తామంటే కుదరదు. నిర్ణయించిన గంటల మేరకు ఎక్కడో ఒకచోట శిక్షణ తీసుకున్నట్టు చూపించాలి. ఎక్కడ, ఎట్లా అన్నది మన ఇష్టం. మా ముగ్గురి ఇష్టాలూ అక్కడే మూడు దారులయ్యాయి.

హుజూరాబాద్ అబ్బాయి హైదరాబాద్ క్యాంపులో చేరాడు. "నాలుగైదు రోజులు గట్టిగ కూసుంటే అయిపోతది మేడం. తిండి, చాయ్, పుస్తకాలు అన్ని వాళ్లయే. గా వేడి మీదనే పరీక్ష రాసేస్త," అన్నాడు. దాదా ఫోన్లో చూసే రికార్డు పాఠాలు తీసుకున్నాడు. "నాకు జీపే బడి చెల్లే. సిగ్నల్ ఉన్నకాడ దింపుకుంట, లోపటి ఊర్లకు పోయేటప్పుడు ఇనుకుంట పోత."

నాకు ఆ రెండూ నచ్చలేదు. ఎదురుగా టీచరు నిలబడి చెప్తే తప్ప ఏదీ తలకెక్కదని చిన్నప్పటి నుంచి నా నమ్మకం. కరీంనగర్‌లోనే ఒక క్లాసు ఉందని తెలిసింది. చిక్కల్లా అది ఆదివారం పొద్దున. ఆ వేళకు మేం చర్చిలో ఉంటాం. మా మెథడిస్టు సంఘంలో ఆడవాళ్ల పాట ఎత్తుకునేది నేనే.

"ఇంకో రోజు లేదా వాళ్లకు?" అంది అవ్వ.

"ఉద్యోగాలోళ్లకు ఆదివారమే గదనే సెలవు."

"మనం దేవునికి గూడ గదే దినం ఇస్తిమి బిడ్డా," అంటూనే, "సరే పో. పాట ఎవలో ఒకలు ఎత్తుకుంటరు తియ్," అంది. మానమని అంటే వాదించేదాన్ని. పొమ్మని అనేసరికి వెళ్లి ఫీజు కట్టేశాను.

ఆ క్లాసు ఒక టిఫిన్ సెంటర్ పైన నడిచేది. కింద మిర్చి బజ్జీలు వేగుతుంటే పైన మా కళ్లు మండేవి. సారు తెర మీద అక్షరాలు వేసి వాటినే పైకి చదివేవాడు. చదవడం పూర్తికాగానే తర్వాతి తెర. నేను చెయ్యెత్తి ఏదన్నా అడిగితే, "అది ముంగట వస్తది మేడం" అనేవాడు. ముందుకు వెళ్లిన కొద్దీ అది ఇంకా ముందుకు పోయేది. కిటికీలోంచి మా చర్చి గంట వినిపించేది. ఇప్పుడు రెండో పాట అయిపోయి ఉంటుంది, ఇప్పుడు వాక్యం చదువుతుంటారు అనుకుంటూ కూర్చునేదాన్ని. శిక్షణ గంటలైతే నిండాయి, నిండినట్టు కాగితం కూడా ఇచ్చారు. ఎదురుగా మనిషి నిలబడి ఉన్నంత మాత్రాన పాఠం మన వైపు రాదని అప్పుడు తెలిసింది.

దాదా చదువు ఎట్లా సాగుతోందో అడిగాను ఒకరోజు.

"గా పాఠం చెప్పేటామె మస్తు మెల్లగ మాట్లాడ్తది చెల్లే. నేను డబుల్ స్పీడు పెట్టిన."

"అర్థమైతున్నదా మరి?"

"జీపు సప్పుడుల సగం ఇనరాదు. ఇనొచ్చిన సగం ఇంగ్లీషు."

ఇక ఆశంతా హుజూరాబాద్ అబ్బాయి మీదే. అతను హైదరాబాద్ నుంచి కొత్త సంచి, కొత్త నీళ్ల సీసా, ఇటుకంత పుస్తకంతో దిగాడు. నడకే మారిపోయింది. ఏ మాట అడిగినా నిర్వచనం అప్పజెప్పేవాడు. వారం తిరగకుండానే వెళ్లి పరీక్ష రాశాడు. ఆ మర్నాడు ఆఫీసుకు రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఒంట్లో బాగాలేదని పెద్దసారుకు మెసేజ్ పెట్టాడు. ఫెయిలయ్యాడని మాకు అర్థమైంది.

రెండు మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. శనివారం ఆఫీసు అవగానే హుజూరాబాద్ బస్సెక్కాను. తలుపు అతని భార్య తీసింది. నిండు మనిషి, ఒక చెయ్యి నడుము మీద ఉంది. "వచ్చినవా అక్కా! నువ్వన్న జర చెప్పు. సక్కగ తింట లేడు. నాతోని గూడ మాట్లాడ్త లేడు," అని లోపలి గది చూపించింది.

అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

"మేడం, నాకు అన్ని తెలుసు. పుస్తకమంత అప్పజెప్త. కని గా ప్రశ్నలల్ల మాట ఒక్కటి గూడ సక్కగ అడుగడు. ఒక కథ జెప్తడు. కింద నాలుగు జవాబులిస్తడు. నాలుగు బరాబరే అనిపిస్తయి. ముందుగాల ఏం జేస్తవ్ అంటడు. ముందుగాల ఏం జెయ్యాల్నో నాకేం తెలుసు? నేను ఏ పనికన్న ముంగట నిలబడ్డనా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. అతను ఎన్నడూ సైట్‌లో నిలబడి నిర్ణయం చేయలేదు. మా మెయిళ్లు రాశాడు, మా లెక్కలు చూశాడు. సైట్‌లో నిలబడ్డ దాదాకేమో ప్రశ్న చదవడం రాదు. ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో నేనున్నాను.

"ఇప్పుడు నాకు నువ్వు చెప్పాలె," అన్నాను.

"ఫెయిలైనోడు ఏం చెప్తడు మేడం?"

"గా పరీక్ష లోపటికి పోయి వచ్చినోనివి నువ్వొక్కనివే. ప్రశ్న ఎట్లుంటదో నువ్వు చెప్పు. సైట్ మీద ఏమైతదో దాదా చెప్తడు. నేను నడుమ కూసుంట."

అతను మళ్లీ గోడవైపు తిరిగాడు. గుమ్మంలో నిలబడ్డ అతని భార్యే అంది, "పోతడక్కా. నేను పంపిస్త."

ముగ్గురికీ కుదిరే వేళ ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసు ఆ రోజు తాళం. మా ఇంట్లో చుట్టాలు. ఈసారి చర్చి మానను అని అవ్వకు ముందే చెప్పాను. ఉపాయం కూడా అవ్వే చెప్పింది. "పిల్లల సండేస్కూలు గది మధ్యాహ్నం ఖాళీగనే ఉంటది గదా. అయ్యగారిని అడుగు." అయ్యగారంటే మా పాస్టరు. అడిగాను. ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టి, "గోడల మీద పిల్లల బొమ్మలున్నయమ్మా. గవి జర పీకకున్రి," అన్నాడు. అంతే షరతు.

అట్లా మొదలైంది మా చదువు. దాదా శనివారమే ఉట్నూర్ నుంచి బయల్దేరి కరీంనగర్‌లో బావమరిది ఇంట్లో పడుకునేవాడు. హుజూరాబాద్ నుంచి అబ్బాయి బస్సులో వచ్చేవాడు. నేను ఆరాధన కాగానే ఇంటికెళ్లి ఇంత తిని, అవ్వ ఇచ్చిన చాయ్ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లేదాన్ని. గదిలో ఉన్నవన్నీ చిన్నపిల్లల బెంచీలు. దాదా కూర్చుంటే మోకాళ్లు గడ్డాన్ని తాకేవి. "గీ వయసుల మల్ల ఒకటో తరగతి," అని నవ్వేవాడు.

మొదటి ఆదివారం ఏమీ సాగలేదు. అబ్బాయి ప్రశ్న చదివాడు, అతనికీ నాకూ వాదం అయింది, దాదా కళ్లు గోడల మీద తిరుగుతున్నాయి.

"చెల్లే, గా పడవల జిరాఫీ తల బయటకే ఉన్నది. వాన పడ్తే ఎట్ల?"

అది పిల్లలు గీసిన నోవహు ఓడ. పైకప్పుకు చిల్లి పెట్టి మరీ జిరాఫీ మెడ బయటికి తీశారు. దాదాకు ఆ కథ తెలియదు. చెప్పాను. జలప్రళయం వస్తుందని, ఓడ కట్టమని, దాని పొడవు ఇంత, వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని దేవుడు నోవహుకు చెప్పడం, ఆయన కట్టడం, జంతువుల్ని జంటలు జంటలుగా ఎక్కించడం. దాదా పుస్తకం పక్కన పెట్టి విన్నాడు.

"అంటే కొలతలు ముందే ఇచ్చిండు. మంచిది. గడువు ఎప్పటిదాక?"

"వాన పడేలోపల."

"లేబరు?"

"ఇంటోళ్లే. ముగ్గురు కొడుకులు, కోడండ్లు."

"చుట్టుపక్కలోళ్లు ఏమన్నరు?"

"నవ్వి ఉంటరు."

"బరోబర్," అన్నాడు దాదా. "మన ఉట్నూర్ హాస్టలు గూడ గంతే."

అబ్బాయి ఫెయిలయ్యాక మొదటిసారి పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక పుస్తకం తీసి, "దాదా, ఇప్పుడు చెప్పు. ఓడ సగం కట్టినంక పెద్దకొడుకు వచ్చి, బాపూ, ఇంకో అంతస్తు వేద్దాం అంటడు. నోవహు ముందుగాల ఏం జెయ్యాలె?" అన్నాడు.

"ఒక్కటి పీకుతడు."

"గది జవాబులల్ల లేదు దాదా."

"మరి ఏమున్నది?"

"కొడుకు చెప్పింది ఇని, గట్ల జేస్తే కర్ర ఎంత ఎక్కువైతది, దినాలు ఎంత ఎక్కువైతయి చూసి, పని జెప్పినాయనను అడుగాలె."

దాదా గోడ మీది జిరాఫీ వైపు చూశాడు. "దేవుణ్ణి అడుగాలె అంటవ్. అయితే అడుగుడే మంచిది."

ఆ రోజు నుంచి మేం ఇంగ్లీషు ప్రశ్న చదవడం, దాన్ని మా మాటలోకి దింపుకోవడం, మా పనులకు అన్వయించుకోవడం, మళ్లీ ఇంగ్లీషు జవాబు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాం. పని మధ్యలో ఎవరూ అడగకుండానే పెరిగిపోవడాన్ని పుస్తకంలో ఏదో పేరు పెట్టి పిలుస్తారు. దాదా దాన్ని "ఇల్లు కట్టంగ అత్త వచ్చుడు" అన్నాడు. అత్త వస్తే వంటగది జరుగుతుంది, పూజగది పెరుగుతుంది, మెట్లు మారతాయి. పరీక్ష దాకా మాకు ఆ పదం అత్తే.

పనితో సంబంధమున్న వాళ్లందరినీ ముందే గుర్తించాలన్న పాఠం వచ్చినప్పుడు మాత్రం ఎవరమూ నవ్వలేదు. మెట్‌పల్లి యార్డు గుర్తొచ్చింది. అక్కడ అరుగులు కట్టడానికి నేను చక్కగా షెడ్యూల్ వేశాను, అబ్బాయి మెయిల్ పంపాడు, దాదా ఉట్నూర్ నుంచి మనుషుల్ని పంపాడు. తవ్వడం మొదలుపెట్టిన వారానికి యార్డులోకి పసుపు రావడం మొదలైంది. బస్తాలు, బండ్లు, హమాలీలు. కాలు పెట్టే జాగా లేదు. పసుపు అమ్మకాలు అయ్యేదాకా మా మనుషులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పసుపు ఎప్పుడొస్తుందని మా ముగ్గురిలో ఎవరమూ యార్డులో ఒక్క మనిషిని అడగలేదు. అడిగే పని మిగతా ఇద్దరిలో ఎవరిదో అనుకున్నాం.

"మనం ఒక్క జాగల కూసొని మాట్లాడింది గీ గదిలనే చెల్లే," అన్నాడు దాదా. "గిన్నేండ్లు ఫోన్ల కొట్లాడుడే."

నిజమే. పుస్తకంలోని మేనేజరు ఎవరి మీదా అరవడు. ఎవరినీ పనిలోంచి తీసేయడు. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఇటువంటి మనిషిని నా ఉద్యోగంలో ఎక్కడా చూడలేదని మొదట్లో వెక్కిరించేదాన్ని. రానురాను దాదా జవాబులు మారడం గమనించాను. వెనకబడిన మనిషిని ఏం చేయాలంటే, "ఎందుకు ఎనుకబడ్డడో అడుగాలె" అనేవాడు. అప్పుడు అబ్బాయి బెంచీ మీద గట్టిగా చరిచేవాడు. అది మా ఇద్దరికీ ఇచ్చే మార్కు.

ఆ వానాకాలంలో అబ్బాయికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఆదివారం అతను రాడనుకున్నాం. మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. "ఆమెనే పంపింది," అన్నాడు. అప్పటి నుంచి నన్ను మేడం అనడం మానేసి అక్కా అన్నాడు.

వానలు తగ్గుతుండగా అబ్బాయికీ నాకూ ఒకే రోజు పరీక్ష దొరికింది, హైదరాబాద్‌లో. దాదా తన పరీక్ష ఆ తర్వాత రాస్తానన్నాడు. పొద్దున బస్టాండులో చూస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకు దాదా?"

"మీరు లోపటికి పోతే సంచులు ఎవలు పట్టుకుంటరు?"

పరీక్ష జరిగేచోట గడియారం, ఉంగరం కూడా తీయించారు. లోపల చల్లగా ఉంది. మొదటి ప్రశ్న చదివాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. భయం వేసింది. మళ్లీ చదివాను. ఈసారి దాన్ని దాదా గొంతులో చదువుకున్నాను. ఎవరో పెద్ద మనిషి, మధ్యలో వచ్చి, కొత్త కోరిక కోరుతున్నాడు. అత్త వచ్చింది! నవ్వు ఆపుకోలేకపోయాను. పక్క తెర ముందు కూర్చున్న మనిషి నావైపు వింతగా చూశాడు. ఆ తర్వాత భయం వేయలేదు. తెలియనివి చాలా వచ్చాయి. అయినా ప్రతి ప్రశ్నలో ఎవరో ఒకరు తెలిసిన మనిషి కనిపించారు.

చివర్లో తెర మీద పాస్ అని పడింది. నేను దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నానేమో, అక్కడ కాపలా ఉన్న అమ్మాయి వచ్చి, "అయిపోయింది మేడం, లేవొచ్చు," అంది.

బయట రోడ్డు దాటితే చాయ్ హోటలు. దాదా మా సంచులు రెండూ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నా ముఖం చూసి ఏమీ అడగకుండా ఇంకో చాయ్ చెప్పాడు. అబ్బాయి ఇంకా రాలేదు. చాయ్ చల్లారింది, రాలేదు. పాసయ్యానని దాదాకు పైకి చెప్పబుద్ధి కాలేదు. చివరికి అతను బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, రోడ్డు దాటాడు. ముఖంలో ఏమీ తెలియడం లేదు. దాదా ముందు నిలబడ్డాడు.

"ఏమాయె?" అన్నాడు దాదా. అంత మెల్లగా దాదా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

అబ్బాయి వంగి దాదాను కౌగిలించుకుని ఏడ్చేశాడు. "అయింది దాదా, అయింది," అన్నాడు. దాదా అతని వీపు నిమురుతూ, హోటలంతా వినిపించేట్టు, "చాంగ్లా! చాంగ్లా!" అన్నాడు. మంచిగైంది అని ఆయన మరాఠీలో అంటున్నాడని నాకు తెలుసు. పక్క బల్లల వాళ్లు ఏమనుకున్నారో మరి.

ఒక్కరు చాలన్నారు హెడ్డాఫీసు వాళ్లు. ఇద్దరం పాసయ్యాం. పెద్దసారు మాకు శాలువాలు కప్పించాడు. కొన్ని వారాలకు ఆర్డర్లు వచ్చాయి. ప్లానింగ్ సెక్షన్ హైదరాబాద్‌కు మారింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు అక్కడే ఎక్కువ అవసరమట. నాకు హైదరాబాద్, అబ్బాయికి వేరే రాష్ట్రం. ఆ కాగితాలు ఇస్తూ పెద్దసారు మా ముఖాలు చూడలేకపోయాడు. "పాస్ కాకుంటే తీసుకపోతమన్నరు. పాసైతే గూడ తీసుకపోతున్నరు. నేనేం జెప్పాలె మీకు?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

ఇది చదివే పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ సర్టిఫికెట్ నాకు అక్కరకు రాలేదని అనను. హైదరాబాద్‌లో దాని వల్లే నా మాట విన్నారు, రిటైరయ్యేదాకా మంచి పనులే చేశాను. ఏ కోచింగ్ అని మీరు అడిగితే, క్యాంపుకైనా వెళ్లండి, ఫోన్లోనైనా చూడండి, కావలసిన గంటలు ఎక్కడైనా నింపుకోండి. తర్వాత మీకు తెలియనిది తెలిసిన ఒక మనిషిని, మీ తప్పు చూసి నవ్వగల ఇంకో మనిషిని వెతుక్కోండి. ప్రశ్నను ఇంట్లో మాట్లాడే మాటలో ఒకరికొకరు చెప్పుకోండి. నాకు తెలిసింది ఇంతే.

దాదా ఆ పరీక్ష ఎన్నడూ రాయలేదు. "ఇగ నాకెందుకు చెల్లే, ఎవలకోసం రాయాలె?" అన్నాడు ఆర్డర్లు వచ్చిన రోజు. ఉట్నూర్‌లోనే పనిచేసి అక్కడే రిటైరయ్యాడు.

నేను హైదరాబాద్ బయల్దేరే ముందు వచ్చిన ఆదివారం, ఆరాధన అయ్యాక గది ఒకసారి ఊడ్చి, అయ్యగారికి అప్పజెబుదామని వెళ్లాను. ఊడ్చాను, బెంచీలు సర్దాను. తలుపు చప్పుడైంది. చూస్తే హుజూరాబాద్ అబ్బాయి, చేతిలో పుస్తకంతో నిలబడి ఉన్నాడు. ఎందుకొచ్చావని అడగబోయాను. అతని ముఖం చూస్తే అతనికీ తెలియదని అర్థమైంది. ఇద్దరం చెరో బెంచీ మీద కూర్చున్నాం. అతను కూతురు బోర్లాపడుతోందని చెప్పాడు, నేను సామాను సర్దడం గురించి చెప్పాను. కాసేపటికి బయట జీపు ఆగింది. దాదా తలుపులో నిలబడి మా ఇద్దర్నీ చూశాడు.

"పరీక్ష వద్దంటివి గదా దాదా?" అన్నాను.

"పరీక్ష వద్దన్న," అన్నాడు. "ఆదివారం వద్దన్ననా?"

వచ్చి, మోకాళ్లు ముడుచుకుని తన బెంచీ మీద కూర్చున్నాడు. అబ్బాయి పుస్తకం తెరిచి ఒక ప్రశ్న చదివాడు. నేను దాన్ని తెలుగులోకి దింపాను. దాదా జవాబు చెప్పాడు, తప్పు. మేం నవ్వాం, ఎందుకు తప్పో చెప్పాం, ఇంకో ప్రశ్న చదివాం. వెలుగు తగ్గి అక్షరాలు కనిపించకుండా పోయేదాకా అట్లాగే కూర్చున్నాం. ఎన్ని ఒప్పులో, ఎన్ని తప్పులో ఆ రోజు ఎవరమూ చూసుకోలేదు.